విల్లీ పెప్, విటేకర్, మేవెదర్: డిఫెన్స్‌ను ఏ లెక్కన పోల్చాలి?

బాక్సింగ్ బాగా తెలిసినవాళ్ళు కాస్త సాయం చేయండి. ఈ ఆటలో కొట్టడం కన్నా దొరక్కుండా ఉండటమే నాకు ఎక్కువ ఇష్టం. అమెరికా బాక్సర్లు విల్లీ పెప్, పెర్నెల్ విటేకర్, ఫ్లాయిడ్ మేవెదర్ ముగ్గుర్ని పక్కపక్కన పెట్టి చూస్తున్నాను గానీ తేల్చుకోలేకపోతున్నాను.

మేవెదర్ ఎడమ భుజం అడ్డుపెట్టి, గుద్దు జారిపోయేలా ఒళ్ళు తిప్పుతాడు, ఆ వెంటనే కుడిచేత్తో బదులిస్తాడు. విటేకర్ ఎడమచేతివాటం. నడుం దగ్గర్నుంచి వంగుతూ, ఎదుటివాడి చేతికందేంత దగ్గర్లోనే ఉండి కూడా చిక్కడు. 1993లో శాన్ ఆంటోనియోలో మెక్సికో బాక్సర్ హూలియో సీజర్ చావెజ్‌తో పోరును డ్రా అన్నారు గానీ, నా దృష్టిలో అది విటేకర్ గెలిచిన పోరే.

అసలు చిక్కు పెప్ దగ్గర. అతని విద్యంతా పాదాల్లోనే. 229 విజయాలు, అప్పట్లో టైటిల్ పోరంటే 15 రౌండ్లు, ఇప్పుడు 12. 1947లో విమాన ప్రమాదంలో తీవ్రంగా గాయపడి, అదే ఏడాది మళ్ళీ రింగులోకి వచ్చాడు. కానీ శాండీ శాడ్లర్‌తో నాలుగుసార్లు తలపడి మూడు ఓడాడు. ఆ ఓటములు డిఫెన్స్‌లోని లోపమా, ప్రమాదం ప్రభావమా, లేక శాడ్లర్ పొడుగు, మొరటుతనమా?

ప్రమాదానికి ముందటి పెప్‌ను అంచనా వేయడానికి ఏ పోరాటాల ఫిల్ములు చూడాలి? 15 రౌండ్ల కాలాన్నీ 12 రౌండ్ల కాలాన్నీ మీరెలా తూస్తారు? 1968లో టోక్యోలో పాల్ ఫుజీని విసిగించి ఓడించిన అర్జెంటీనా బాక్సర్ నికోలినో లోచేను కూడా ఈ వరసలో చేర్చవచ్చా?