‘నాయన’ పోయి ‘అప్పా’ వస్తే పోయేదేంటి? చెన్నై తెలుగువాళ్ళు చెప్పండి

చూళై_చిన్నోడు:
పోయిన వారం ఇక్కడే మద్రాసు తమిళం మీద మాటలు నడుస్తుంటే ఒకరు అన్నారు: కాశిమేడు చేపల రేవులో, ఆటోస్టాండుల్లో ‘ఇన్నా నైనా’ (ఏంటి నాయనా) అని పిలుచుకుంటారే, ఆ నైనా మన నాయనే, మన మాట వాళ్ళ నోట్లో బతికింది, మన పిల్లల నోట్లో పోయింది అని. అక్కడ ఎవరూ పట్టించుకోలేదు. అందుకే విడిగా పెడుతున్నా.

నా పక్షం ముందే చెప్పేస్తా, తిట్టేవాళ్ళకి సులువుగా ఉంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే తండ్రిని మాత్రం ‘అప్పా’ అని పిలిపించుకోవడం నాకు నచ్చదు. పిలుపు ఒక్కటే పోదు, దాని వెనక వరసలన్నీ పోతాయి. నాయన ఉంటేనే చిన్నాయన, పెదనాయన, జేజినాయన. ఇవాళ అప్పా, రేపు చిత్తప్పా, ఎల్లుండి అంకుల్. ‘తండ్రి’ అనే మాటలో మన పెద్దలు పెట్టిన బరువు మూడు తరాల్లో ఆవిరైపోతోంది. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

నంగనల్లూరు_నెల్లూరోడు:
నాయన పక్షానికి నా ఓటు. కానీ బరువు అన్నావు చూడు, అక్కడ ఒప్పుకోను. మా నెల్లూరులో నాయన అంత బరువైన మాటేం కాదు. కన్నోడినీ నాయనే అంటాం, నాలుగేళ్ళ పిల్లోడినీ ‘ఏం నాయనా, అన్నం తిన్నావా’ అంటాం. కూరగాయల బండోడినీ ‘ఇంకో రెండు వంకాయలు వెయ్ నాయనా’ అంటాం. చెన్నైవాడు నైనా అని స్నేహితుడిని పిలిచాడంటే మాట చెడిపోయినట్టు కాదు. మనం ఎలా వాడామో అలాగే తీసుకున్నాడు.

పాత_వాషర్‌మన్‌పేట:
నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్నాం. మా ఇంట్లో ఇప్పటికీ నైనానే. తమిళనాడు నాయుళ్ళ ఇళ్ళల్లో చాలాచోట్ల అంతే. అది ఆటోస్టాండు మాట అని వెక్కిరించేది ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళే.

రెండోది. అప్ప మనది కాదని ఎవరు చెప్పారు? ఈ ఊరి పేరే ఒక తండ్రి పేరు. 1639లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళకి, అంటే ఫ్రాన్సిస్ డేకి, ఈ ఇసుకనేల రాసిచ్చింది దామెర్ల వెంకటప్ప నాయకుడు. కట్టే ఊరికి తన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు పెట్టమన్నాడని, అదే చెన్నపట్నం అయిందని ఎక్కువమంది చెప్పే కథ. తెలుగు దొరలు. తండ్రి పేరు చివర అప్ప, కొడుకు పేరు చివర అప్ప. తిమ్మప్ప, ఎల్లప్ప, మునెప్ప మన ఊళ్ళల్లో లేరా? పేరు చివర పెట్టుకుంటే మనది, పిల్లాడు పిలిస్తే పరాయిదా?

ఇంకోటి, చిత్తప్పా అంటే చిన్న అప్పే కదండీ. పెరియప్పా అంటే పెద్ద అప్ప. వరస అక్కడ చెక్కు చెదరలేదు. పోయేది అంకుల్ దగ్గర. అది తమిళుల ఇంట్లోనూ పోతోంది.

సిక్కోలు_పిల్ల:
మధ్యలో మా గోడు కూడా వినండి. శ్రీకాకుళంలో అప్ప అంటే అక్క! కిందటేడు మా అమ్మ అంబత్తూరు వచ్చింది. పక్కింటి పాప తలుపు దగ్గర నిలబడి ‘అప్పా వందాచ్చు’ (నాన్న వచ్చేశాడు) అని కేకేసింది. మా అమ్మ వంటింట్లోంచి చెయ్యి కడుక్కుంటూ వచ్చి, ‘ఏ అప్ప? మన పెద్దప్పేనా?’ అని వీధిలోకి చూసింది. లిఫ్టులోంచి దిగింది మీసాలాయన.

మా వైపు పాతవాళ్ళకి తండ్రి అంటే ‘బాబు’. ఇప్పుడు ఆస్పత్రిలో ‘బాబా, పాపా’ అని అడుగుతారే, ఆ బాబే. ‘నీ బాబు సొమ్మా’ అన్నప్పుడు మాత్రం మళ్ళీ తండ్రి. ఒకే మాట అటు ముసలాయనకీ ఇటు పొత్తిళ్ళలో బిడ్డకీ. కడప వాళ్ళేమో తాతని ‘అబ్బ’ అంటారు, మిగతా అందరూ నడుం నొప్పికి ‘అబ్బా’ అంటారు. ఇందులో అసలు అర్థం ఏది చిన్నోడా? ఏ సంవత్సరం దగ్గర గీత గీస్తావు?

చూళై_చిన్నోడు:
గీత నేను గీయక్కర్లేదు. ‘తండ్రి’ ఉంది కదా. అబ్బ, బాబు, నాయన పిలుపులు. తండ్రి అనేది అర్థం. దానికి ఒకే అర్థం, కన్నవాడు. అది ఏనాడూ మారలేదు.

పాతపుస్తకాల_పంతులు:
ఇదిగో, దీనికోసమే ఇంతసేపు ఊరుకున్నాను. మారలేదా?

తమిళంలో తందై, కన్నడంలో తందె, మనకి తండ్రి. మూడూ ఒకే కొమ్మ. సంగకాలపు తమిళంలో, అంటే దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటి తమిళంలో, తందై అంటే ఉత్త ‘తండ్రి’ కాదు, ‘అతని తండ్రి’. ‘నా తండ్రి’కి ఎందై, ‘నీ తండ్రి’కి నుందై. ఆ కాలపు పద్యసంకలనం కురుంతొగైలో నలభయ్యో పద్యం తమిళ స్నేహితులెవరినడిగినా అప్పజెబుతారు: నా తల్లీ నీ తల్లీ ఒకరికొకరు ఏమవుతారు, నా తండ్రీ నీ తండ్రీ ఏ వరస చుట్టాలు అని ప్రియుడు అడుగుతాడు. అక్కడున్నవి ఎందై, నుందై. ఎవరి తండ్రో ఆ మాటలోనే తెలిసిపోయేదన్నమాట, చుట్టరికం మాటలోనే కలిసిపోయి ఉండేది. తరవాత ఎందై, నుందై వాడుకలోంచి జారిపోయాయి. ‘అతని తండ్రి’ ఒక్కటే మిగిలి అందరి తండ్రీ అయి కూర్చుంది. మనం ‘మా తండ్రి’ అన్న ప్రతిసారీ లోపల ఒక ‘తన’ ఉంది, మనకి వినపడదంతే. ఇంతకంటే పెద్ద మార్పు ఏం కావాలి?

ఇక కన్నవాడు అనే అర్థానికి వద్దాం. ఆ ఒక్క అర్థమే అయితే మనవాళ్ళు ‘కన్నతండ్రి’ అని ఎందుకంటారు? తండ్రి అంటే చాలదు కనక, కన్నవాడు కానివాడూ తండ్రి కాగలడు కనక. పినతండ్రి, పెదతండ్రి, పెంపుడు తండ్రి, దత్తత తండ్రి, పిల్లనిచ్చిన తండ్రి. పైగా సంస్కృతం వాళ్ళు లెక్కే కట్టి పెట్టారు: కన్నవాడు, ఉపనయనం చేసినవాడు, చదువు చెప్పినవాడు, అన్నం పెట్టినవాడు, భయం నుంచి కాచినవాడు, ఈ ఐదుగురూ తండ్రులే అని. రఘువంశం మొదటి సర్గలో కాళిదాసు ఇంకో అడుగు ముందుకేశాడు. దిలీపుడు ప్రజలకి నడత నేర్పి, కాపాడి, పోషించాడు కనక తండ్రి ఆయనేనట, ఇళ్ళల్లో ఉన్న తండ్రులు పుట్టుకకి కారణం మాత్రమేనట.

సిక్కోలు_పిల్ల:
ఉపనయనం లేని కులాలవాళ్ళకి నలుగురు తండ్రులే వస్తారా పంతులుగారూ? 😀

పాతపుస్తకాల_పంతులు:
సరైన దెబ్బే కొట్టావమ్మా. శ్లోకం ఎవరికోసం రాశారో శ్లోకమే చెప్పేసింది. కాళిదాసు మాటకీ అదే తిప్పలు. రాజుని తండ్రి అన్నప్పుడల్లా ఇంట్లో ఉన్నవాడి విలువ కొంత తగ్గుతుంది. మనకి జాతిపితలూ, ‘అయ్యగారు’ అనిపించుకున్న జమీందార్లూ అలా వచ్చినవాళ్ళే. అయ్య అంటే మొదట ఇంట్లో తండ్రే కదా.

నంగనల్లూరు_నెల్లూరోడు:
తండ్రి చాలక పితామహుడు కూడా ఉన్నాడు. అల్లసాని పెద్దన ఆంధ్రకవితా పితామహుడు, అన్నమయ్య పదకవితా పితామహుడు. పొగడాలంటే మనకి నేరుగా తాతే కావాలి.

పాతపుస్తకాల_పంతులు:
ఆ పితామహుడు తాత కాదు నాయనా, బ్రహ్మ. పెద్దనను బ్రహ్మతో పోల్చారు. సినిమావాళ్ళ దగ్గరికొచ్చేసరికి బ్రహ్మ జారిపోయి తాత మిగిలాడు. (ఇది కూడా అర్థం మారడమే, చిన్నోడు గమనించాలి.)

ఎగ్మూరు_వకీలు:
కన్నవాడే తండ్రి అని చిన్నోడు అంత ధీమాగా అంటున్నాడు కానీ చట్టం ఏనాడూ అలా అనలేదు. 1872 సాక్ష్య చట్టం 112వ సెక్షన్ చూడండి. చెల్లుబాటయ్యే పెళ్ళి నడుస్తుండగా పుట్టిన బిడ్డ, లేదా పెళ్ళి రద్దయ్యాక తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా 280 రోజుల లోపల పుట్టిన బిడ్డ, ఆ భర్త బిడ్డే. గర్భం నిలిచే కాలంలో ఇద్దరూ కలిసే వీలే లేదని రుజువు చేస్తే తప్ప వేరే మాట లేదు. అంటే చట్టం దృష్టిలో తండ్రి అంటే తల్లి మొగుడు. రక్తం సంగతి అడగదు. బిడ్డకి అక్రమ సంతానం అనే ముద్ర పడకూడదని అలా రాశారు. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ అదే 116వ సెక్షన్‌గా ఉంది.

డీఎన్ఏ వచ్చాక గొడవ మొదలైంది. 2014లో నందలాల్ బద్వాయిక్ కేసులో సుప్రీంకోర్టు, పరీక్ష స్పష్టంగా కాదన్నప్పుడు చట్టం ఊహ కంటే శాస్త్రం చెప్పిందే నిలుస్తుంది అంది. అలాగని అడిగినవాడికల్లా పరీక్షకి అనుమతి ఇవ్వరు, బిడ్డ మేలు చూస్తారు. మా కోర్టు వరండాల్లో రెండు రకాల తండ్రులూ కనబడతారు. కాగితంలో తండ్రి, నివేదికలో తండ్రి. స్కూలు ఫీజు కట్టేది ఒక్కోసారి మూడోవాడు.

షోళింగనల్లూరు_నాన్న:
అందరూ తాతల కాలంలో ఉన్నారు. నాకు ఏడు నెలల పాప. రాత్రి రెండింటికి లేచి పాలు కలిపేది నేనే, చొక్కా భుజం మీద తెల్లమరకతో ఆఫీసు మీటింగులో కూర్చునేదీ నేనే. కొన్నేళ్ళ కిందట పేపర్లో ‘పితృత్వం’ అని కనబడితే పక్కనే కోర్టు, రక్తపరీక్ష ఉండేవి. ఇప్పుడు అదే మాట పక్కన ‘సెలవు’ అని ఉంటోంది. నన్నడిగితే తండ్రి అనే మాటకి ఈమధ్య వచ్చిన అసలైన మార్పు ఇది.

ఆ సెలవు ఎంత? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులు. ప్రైవేటువాడికి చట్టమే లేదు, కంపెనీ దయ. తల్లికి 2017 సవరణతో 26 వారాలైంది, మంచిదే. కానీ 26 వారాల పక్కన 15 రోజులు పెట్టి చూడండి, తండ్రి అంటే మన సర్కారు దృష్టిలో ఎవరో తెలుస్తుంది: ఆస్పత్రి బిల్లు కట్టి, మిఠాయి పంచి, వెళ్ళిపోయేవాడు. పాప నన్ను అప్పా అంటుందో నాన్నా అంటుందో నాకు పట్టింపు లేదు.

చూళై_చిన్నోడు:
పని చేసే తండ్రిని ఎవరు కాదన్నారు? పాలు కలుపుతూ కూడా నాయనా అనిపించుకోవచ్చుగా. మీరంతా మాట మారుతుంది, మారుతుంది అంటున్నారు. మారడం వేరు, వదిలేయడం వేరు. ఎందై పోయిందంటే తమిళుడు దాని బదులు ఇంగ్లీషు మాట పెట్టుకోలేదు, తన ఇంకో మాటే పెట్టుకున్నాడు.

టీనగర్_టీచరమ్మ:
ఈ చివరి మాట మాత్రం గట్టిది. అయితే పిల్లల మీద నెట్టకండి. 2006 చట్టంతో మొదలుపెట్టి తమిళనాడు బళ్ళల్లో తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. ఇంట్లో తెలుగు ఉన్నా పలక మీద మొదట దిద్దే మాటల్లో ‘అమ్మా, అప్పా’ ఉంటాయి. తోటి పిల్లలంతా అప్పా అంటుంటే ఆరేళ్ళవాడు ఒక్కడే గేటు దగ్గర నాయనా అని అరవడు. అరిస్తే నలుగురూ నవ్వుతారు, ఇక్కడ అది వీధిమాట కనక. పిలుపు వాడు ఎంచుకున్నది కాదు.

మీరెవరూ చూడనిది ఒకటి నా క్లాసులో రోజూ చూస్తాను. ‘మా నాన్న’ అని వ్యాసం రాయమంటే పిల్లలు ఏ మాట వాడారన్నది నేను పెద్దగా చూడను, క్రియ చూస్తాను. మా తరం గుంటూరు ఇళ్ళల్లో ‘నాన్నగారు వచ్చారు, మీరు భోంచేశారా’. మా నాన్న తన తండ్రి ముందు కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. ఇప్పటి పిల్లలు ‘నాన్న వచ్చాడు, నాతో బొమ్మలేశాడు, తప్పు వేస్తే నవ్వాడు’ అని రాస్తారు. మాట అదే నాన్న. అవతలున్న మనిషి అదే మనిషి కాడు.

మొదట్లో ‘వచ్చారు’ అని దిద్దేదాన్ని. సీమలో, నెల్లూరులో, తెలంగాణలో చాలా ఇళ్ళల్లో నాయన ‘వచ్చాడే’, అక్కడ గౌరవానికి లోటేం రాలేదని తెలిసి మానేశాను. మా గారూ మీరూ కొన్ని ఇళ్ళ మర్యాద, తెలుగు మొత్తం మర్యాద కాదు. కాబట్టి చిన్నోడా, నీకు ఆ బరువు కావాలంటే పిలుపులో వెతక్కు, అది క్రియలోంచి ఎప్పుడో దిగిపోయింది. దిగిపోయినందుకు నాకైతే సంతోషమే. చిన్నాయన, పెదనాయన పోతున్నారన్నావు చూడు, ఆ దిగులు మాత్రం నాకూ ఉంది. దానికి మందు పిలుపు మార్చడం కాదు, సెలవులకి వాళ్ళింటికి పంపడం.

పాత_వాషర్‌మన్‌పేట:
టీచరమ్మా, ఇంటిపేరు సంగతి కూడా చెప్పి ఉండాల్సింది. ఇక్కడ బళ్ళో చేర్చేటప్పుడు ఇంటిపేరు తీసేసి తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్ పెడతారు. మా తాత ఇనీషియల్ ఒకటి, మా నైనాది ఒకటి, నాది ఒకటి, నా కొడుకుది ఇంకొకటి. ఆంధ్రాలో ఇంటిపేరుతో వంశమంతా కదిలొస్తుంది. ఇక్కడ తండ్రి ఒక్కడే, అదీ ఒక్క అక్షరం, ఒక్క తరం.

ఎగ్మూరు_వకీలు:
తండ్రి పేరు కూడా ఇప్పుడు అన్నిచోట్లా తప్పనిసరి కాదు. 2015లో సుప్రీంకోర్టు, పెళ్ళికాని తల్లి తండ్రి పేరు బయటపెట్టకుండానే బిడ్డకి సంరక్షకురాలు కావచ్చంది. 2016 డిసెంబరు మార్పుల తరవాత పాస్‌పోర్టుకి తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరిస్తే చాలు.

చూళై_చిన్నోడు:
సరే, ఇనీషియల్ మీద వేరే చర్చ పెట్టండి, అక్కడికీ వస్తాను. ఇక్కడ నా మాట నాదే. మేనల్లుడి చేత ‘నాయనా’ అనిపించే పని ఈ ఆదివారమే మొదలు. పందెం ఎవరైనా కాస్తారా?

నంగనల్లూరు_నెల్లూరోడు:
వాడు నీ మేనల్లుడు కదా. వాడు ఎవర్ని ఏమని పిలవాలో వాళ్ళ నాయన్ని అడుగు ముందు.