క్యాంపు కుటుంబ దినంలో లక్కీ డ్రా: పెట్టాలా, వద్దా?

కమిటీ సభ్యుడు
అందరికీ వందనాలు. మే నెలలో జమ్మలమడుగు దారిలో మన చర్చి పిల్లల వేసవి క్యాంపు. ఎప్పటిలాగే ఆఖరి రోజు కుటుంబ దినం. తల్లిదండ్రులు వస్తారు, పిల్లలు పాటలు పాడి వాక్యాలు ఒప్పజెప్తారు, సాయంత్రం తిండి స్టాళ్ళు, వేలంపాట. వచ్చిన డబ్బు రెండు పనులకు. మగపిల్లలు పండుకునే షెడ్డుకు రేకులు తీసి స్లాబు వేయడానికి, ఫీజు కట్టలేని పిల్లల ఖర్చుకు. మే ఎండలో ఆ రేకుల కింద మధ్యాహ్నం పూట ఎవరైనా కాసేపు కూర్చుని చూడండి, నేను ఇంకేం చెప్పను. ఈసారి లక్కీ డ్రా కూడా పెడదామని కొందరంటున్నారు. టికెట్టు 50 రూపాయలు, మొదటి బహుమతి సైకిలు. పాస్టరు అయ్యగారు "సంఘాన్ని అడగండి" అన్నారు. అడుగుతున్నా.

పెన్నగట్టు
వద్దు. సిలువ కింద సైనికులు ప్రభువు అంగీ కోసం చీట్లు వేసుకున్నారు (యోహాను 19:24). ఆ పనే మనం ఆయన పేరు మీద నడిపే క్యాంపులో, పిల్లల ఎదురుగా చేస్తామంటే నాకు మింగుడుపడదు. 50 పెడితే సైకిలు వస్తుందని ఆశ చూపించడం జూదం కాక ఏంది? వారమంతా అత్యాశ వద్దని నేర్పించి ఆఖరి సాయంత్రం మనమే నేర్పినట్టు.

కువైట్ చిన్నోడు
అన్నా వందనాలు. ప్రభువును పట్టించిన యూదా పోయినాక పన్నెండో అపొస్తలునిగా మత్తీయను ఎట్ల ఎన్నుకున్నారు? అపొస్తలుల కార్యములు 1:26 తీయి. చీట్లు వేసే కదా. పేతురు జూదగాడా మరి?

పెన్నగట్టు
మత్తీయ టికెట్టు కొన్నాడా తమ్ముడూ?

కువైట్ చిన్నోడు
కొనలేదు. కొన్నా తప్పేముంది, డబ్బు పోయేది షెడ్డుకే కదా. వేలంపాటలో మాత్రం ఆశ లేదా? పంట పండగప్పుడు గుమ్మడికాయను రెండువేలకు పాడి, మళ్ళీ దేవునికే ఇచ్చేసి, ఇంకోసారి పాడించి, చప్పట్లు కొట్టించుకుంటాం. అది భక్తి, 50 రూపాయల చీటీ పాపమా?

బొరుగులక్క
పోయినసారి మా మసాలా బొరుగుల స్టాలుకు సాయంత్రం దాకా పడమటి ఎండ. పక్కన ఉగ్గాని బజ్జి వాళ్ళకు చెట్టు నీడ. షామియానా ఎవరన్నా మాట్లాడినారా?

లెక్కల మాస్టారు
వాక్యం సంగతి పెద్దలు చూసుకోండి, నేను చట్టం చెప్తా. ప్రభుత్వం అనుమతి లేకుండా లాటరీ తీసే చోటు నడిపితే నేరం. పాత ఐపీసీలో 294ఏ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 297. ఆరు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ, రెండూ గానీ. టికెట్టు అమ్మి, చీటీ తీసి, బహుమతి ఇస్తే అది లాటరీ కాదని వాదించడానికి నాకైతే దారి కనపడలేదు. "చర్చిదే కదా, ఎవరు అడుగుతారు" అనొద్దు. ఎవడో ఒకడు ఫోన్‌లో వీడియో తీసి పెడతాడు, ఈ రోజుల్లో మనకు అది చాలు.

రెండోది. పోయినసారి తిండి కూపన్లకు కూడా 80జీ పన్ను మినహాయింపు రసీదు అడిగినవాళ్ళు ఉన్నారు. దోశ తిని పన్ను మినహాయింపు అడిగితే రాదు, విరాళానికే వస్తుంది. విరాళం కూడా నగదుగా 2000 దాటితే మినహాయింపు లెక్కలోకి రాదు, చెక్కో యూపీఐయో చేయండి.

మూడోది, ఇదే ముఖ్యం. కువైట్ నుంచి వచ్చే డబ్బు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి వేరే దేశాల వాళ్ళ దగ్గర పోగుచేసి పంపితే మాత్రం అవుతుంది. మన ట్రస్టుకు విదేశీ విరాళం తీసుకునేందుకు కావాల్సిన ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ లేదు. ఉన్నవాళ్ళకే 2020 సవరణ తర్వాత ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే డబ్బు పడాలి. చిన్నోడా, పోయిన ఏడు నువ్వు పంపినదాంట్లో ఎవరెవరిది ఉంది?

కువైట్ చిన్నోడు
మాస్టారూ, నన్నేందో దొంగను పట్టుకున్నట్టు అడుగుతున్నారు. మా రూములో అందరూ కడప, రాయచోటి, రాజంపేట వాళ్ళే. శుక్రవారం ఆరాధన అయినాక ఒక ఫిలిప్పీన్ సిస్టర్ మన షెడ్డు ఫోటో చూసి రెండు దీనార్లు ఇచ్చింది. అది కూడా చేర్చినా. ప్రేమగా ఇస్తే వద్దంటానా?

లెక్కల మాస్టారు
ఆ రెండు దీనార్లే సమస్య. ఆమె ప్రేమను నేను అనలేదు.

కువైట్ చిన్నోడు
సరే మాస్టారూ, ఆ సిస్టర్ డబ్బు వాపసు ఇస్తా. మరి నేను పంపింది? కుటుంబ దినం నాడు మైకులో అందరి పేర్లూ చదివినారు. నా పేరు లేదు. మా అమ్మ ముందు వరుసలో కూర్చుని ఆఖరి దాకా విన్నది. ఫోన్ చేసి, "పంపినావా లేదా నాయనా" అని అడిగింది. ఇక్కడ యాభై డిగ్రీల ఎండలో పని చేస్తాం మేము.

పెన్నగట్టు
కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదు, మత్తయి 6:3. పేరు కోసం ఇచ్చేవాడు తన ఫలం పొందేసినాడు. చీట్ల సంగతికి మాత్రం ఇంకా జవాబు రాలేదు. పెంతెకొస్తు తర్వాత, అంటే పరిశుద్ధాత్మ దిగినాక, అపొస్తలులు చీట్లు వేసిన చోటు ఒక్కటి చూపించు.

కువైట్ చిన్నోడు
నీకు చీట్లు తప్ప ఇంకో ముచ్చట లేదు కదన్నా.

షెడ్డు మేస్త్రి
స్లాబు వద్దు. ఈ బడ్జెట్‌కు పిల్లర్లు కూడా రావు. రేకుల కింద ఫాల్స్ సీలింగ్ వేసి పైన తెల్ల కూల్ పెయింట్ కొట్టండి.

చేనిగట్టు
అందరికీ వందనాలు. ఇది చదివి రాయకుండా ఉందామనుకున్నా, ఉండలేకపోయినా. లక్కీ డ్రా పెట్టుకోండి, పెట్టుకోవద్దండి, నాకు పట్టింపు లేదు. పోయిన ఏడు వేలంపాటకు ముందు ఉచితంగా వచ్చిన పిల్లలను స్టేజీ మీద వరసగా నిలబెట్టినారు. "ఈ బిడ్డ ఫీజు ఎవరు కడతారు" అని మైకులో అడిగినారు. చేయి లేచినప్పుడల్లా ఒక బిడ్డ కిందికి దిగింది. మా వాడు ఆఖర్లో మిగిలినాడు. వాని పక్కన ఇంకొక పిల్ల. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. తర్వాతే గుమ్మడికాయ తెచ్చినారు.

ఆ వారమంతా నేను వంటశాలలో సంగటి కెలికినా. మా పల్లె సంఘం ఆడోళ్ళు పిడికెడు బియ్యం ఏడాదంతా దాచి మూట పంపినారు. ఆ మూట ఏ లెక్కలో రాసినారు మాస్టారూ? కూలి ఏ రసీదులో ఉంది? వాడు ఈసారి క్యాంపుకు రానంటున్నాడు. పాటలంటే ప్రాణం వానికి.

బొరుగులక్క
అమ్మా, ఆ పూట నేను స్టాలులో ఉన్నా. విన్నా. అప్పుడు ఏమీ అనలేదు.

కమిటీ సభ్యుడు
అక్కా, అది ఎవరినీ కించపరచడానికి చేసింది కాదు. పిల్లలను చూస్తే జనం మనసు కరుగుతుందని...

చేనిగట్టు
కరిగింది. మా వాని దగ్గరికి వచ్చేసరికి అయిపోయింది.

పెన్నగట్టు
ఇది నాకు తెలియదు. నేను ఆ రోజు ముద్దనూరులో పెళ్ళిలో ఉన్నా. యాకోబు పత్రిక 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం వానికి మంచి కుర్చీ, మురికి బట్టల వానికి నేల అని తిట్టింది ఇదే కదా. జూదం కన్నా ఇది పెద్దది. అయినా జూదం జూదమే.

కువైట్ చిన్నోడు
అక్కా, నేను ఒక మాట అంటా, కోపం చేసుకోవద్దు. నేను కూడా అట్ల నిలబడినవాణ్ణే. మా నాయన గని కూలి. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చేయెత్తినాడు. నాకు సిగ్గు కాలేదు, నన్ను ఒకరు ఎన్నుకున్నారనుకున్నా. ఆయన పేరు నాకు ఇప్పటికీ జ్ఞాపకమే. అందుకే పేరు చదవాలంటా నేను. డబ్బున్న టౌను వాళ్ళవే కాదు, మావి కూడా.

చేనిగట్టు
నిన్ను ఎన్నుకున్నారు నాయనా. మిగిలినోళ్ళను అడిగినావా?

కువైట్ చిన్నోడు
అడగలేదక్కా.

లెక్కల మాస్టారు
మూట బియ్యం స్టాకు రిజిస్టరులో "పల్లె సంఘం" అని ఉంది, విలువ వేయలేదు. బజారు ధర ప్రకారం వేసి రాస్తా. కూలికి విలువ వేసే పద్ధతి మన పుస్తకాల్లో లేదు. ఫీజు సాయం గురించి నా సలహా: పిల్లల పేర్లు బయట పెట్టొద్దు. మొత్తం ఎంత తక్కువ పడిందో ఒక్క అంకె చెప్పి, కవర్లు పంచండి. ఎవరు ఎవరికిచ్చినారో ఖజానాదారుకు కూడా తెలియనక్కరలేదు.

టౌను తల్లి
అయితే మేము ఇచ్చేది యాడికి పోతుందో మాకెట్ల తెలుస్తుంది? ఫీజు పూర్తిగా కట్టేది మేమే, స్టాళ్ళలో కొనేది మేమే, మళ్ళీ మాటలు పడేది మేమేనా? మా పిల్లలు కూడా ఆ రేకుల కిందే పండుకున్నారు.

చేనిగట్టు
పండుకున్నారమ్మా. మీ పిల్లలను స్టేజీ ఎక్కించి అడగలేదు, అంతే తేడా.

షెడ్డు మేస్త్రి
తెల్ల పెయింటుకు రేకులు ముందు కడగాలి. క్యాంపుకు ముందే చెప్పండి, కుర్రోళ్ళను పంపుతా, కూలి వద్దు.

కమిటీ సభ్యుడు
మాస్టారు చెప్పిన సెక్షన్ చూసినాక లక్కీ డ్రా ఎట్లా కుదరదు. వేలంపాట ఉంటుంది. మిగతా సంగతులు శనివారం ఉదయం పదకొండుకు టౌను చర్చి హాలులో కమిటీ మాట్లాడుతుంది. చేనిగట్టు అక్కా, మీరు తప్పకుండా రావాలి.

చేనిగట్టు
శనివారం పదకొండుకు నేను చెనక్కాయ చేలో ఉంటా. మా వాళ్ళంతా అంతే. ఆదివారం ఆరాధన అయినాక, మా పల్లె చర్చిలో పెట్టండి. అన్నం మేమే వండుతాం.

కమిటీ సభ్యుడు
ఆదివారం టౌనులో రెండో ఆరాధన ఉందక్కా, అయ్యగారికి...

పెన్నగట్టు
అయ్యగారు లేకున్నా మీటింగు జరుగుతుంది. నేను కారు తెస్తా, నలుగురు పడతారు. ఎవరెవరు వస్తారో రాయండి.

బొరుగులక్క
నేను వస్తా. షామియానా మాట కూడా అక్కడే తేల్చాలి.