చిగుళ్ల జబ్బుతో కీళ్లవాతం వస్తుందా?

పటమట_వాణి: అమ్మకు రుమటాయిడ్ కీళ్లవాతం, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే సొంత కీళ్ల మీద దాడి చేసే జబ్బు. చిగుళ్ల నుంచి రక్తం కూడా వస్తోంది. రెండింటికీ సంబంధం ఉందని చదివాను. పళ్ల గార తీసే స్కేలింగ్ చేయిస్తే కీళ్లనొప్పులు తగ్గుతాయా?

బ్రాడీపేట_మాస్టారు: తగ్గవు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో, ఇంగ్లండులో కీళ్లనొప్పులకు పళ్లే కారణమని వరసపెట్టి పీకేశారు. ఇక్కడ గుంటూరులో ఒకాయన అదే మాట చెప్పి మా అక్క పళ్లన్నీ తీసేశాడు. గారె ముక్క నమల్లేదు, వేళ్ల వాపు అలాగే ఉంది.

లబ్బీపేట_కిరణ్: మాస్టారూ, ఇప్పుడు పళ్లు పీకమని ఎవరూ అనడం లేదు. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే చిగుళ్ల బ్యాక్టీరియాలో ఒక ఎంజైమ్ ఉంది. ప్రొటీన్లలోని అమైనో ఆమ్లమైన ఆర్జినిన్‌ను అది సిట్రులిన్‌గా మారుస్తుంది. అలా మారిన సొంత ప్రొటీన్ మీదే ఒంట్లో, రోగాలతో పోరాడాల్సిన యాంటీబాడీలు పుట్టొచ్చు. ఈ కీళ్లవాతానికి చేసే యాంటీ సీసీపీ రక్తపరీక్షలో వెతికేది వాటినే. కీళ్లు వాయడానికి ఏళ్ల ముందే అవి రక్తంలో ఉండొచ్చు.

బ్రాడీపేట_మాస్టారు: అక్కకు వేళ్లు ముడుచుకోవు. బ్రష్ జారిపోతుంది. తోమలేకే చిగుళ్లు చెడ్డాయి. ఏది ముందో ఎలా చెబుతారు? పొగ తాగితే రెండూ వస్తాయి కదా?

లబ్బీపేట_కిరణ్: మా ఆవిడకూ ఈ కీళ్లవాతమే, పొగ తాగదు! ఇన్నేళ్లుగా విజయవాడలో చూపిస్తున్నాం, ఒక్క కీళ్ల డాక్టరూ నోరు తెరవమనలేదు.

కొత్తపేట_బుజ్జి: ముందు వాణి గారికి జవాబు చెప్పండి బాబూ.

బ్రాడీపేట_మాస్టారు: స్కేలింగ్ తర్వాత మీ ఆవిడ కీళ్లవాతానికి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్ర మానేసిందని పోయిన నెల మీరే రాశారు. నా భయమంతా అదే. ఇది చదివి ఇంకెవరో మాత్ర మానేస్తారు.

లబ్బీపేట_కిరణ్: లివర్ పరీక్షలో తేడా వస్తే డాక్టరే ఆపారు. స్కేలింగ్ మందుకు బదులని నేనెక్కడన్నాను? కొన్ని చిన్న అధ్యయనాల్లో వాపు తగ్గింది, కొన్నింట్లో తగ్గలేదు. కీళ్లు తగ్గకపోయినా చిగుళ్లు బాగుపడతాయి కదా. వాణి గారూ, చేయించండి.

బ్రాడీపేట_మాస్టారు: ఆ మాట మొదటే రాయాల్సింది. సలహా ఇచ్చేటప్పుడు "మందు ఆపకండి" అన్నది ముందు రావాలి.

లబ్బీపేట_కిరణ్: కీళ్ల డాక్టర్లు చిగుళ్లు కూడా చూడాలని మీరూ రాయండి మరి.

పటమట_వాణి: అమ్మ కూడా వారానికోసారి అదే మాత్ర వేసుకుంటుంది. ఆపను. పళ్ల డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలా?

లబ్బీపేట_కిరణ్: తప్పకుండా. మందుల చీటీ కూడా తీసుకెళ్లండి. కీళ్ల డాక్టరుకూ ఒక మాట చెప్పండి.

బ్రాడీపేట_మాస్టారు: పన్ను తీయాలంటే ఇంకో డాక్టరుకు చూపించకుండా ఒప్పుకోకండమ్మా.