ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్ల జాబితాలో పేరు చేర్చేముందు ఏం చూడాలి?

కమిటీ సభ్యుడు:
మా అసోసియేషన్ తరఫున ప్లంబింగు, కరెంటు, వాటర్‌ప్రూఫింగ్, గ్యాస్ గీజర్ పనివాళ్ల జాబితా ఒకటి పెడదామనుకుంటున్నాం. వాట్సాప్ గ్రూపులో అడిగితే పేర్లు బోలెడు వచ్చాయి. వాటినే పెట్టేయొచ్చా? విడిగా తనిఖీ చేయాలంటే ఎలా? మాలో ఈ పనులు తెలిసినవాళ్లు లేరు.

ఫేజ్ టెస్టర్:
ఆ పేర్లు మొదటి వడపోతకే పనికొస్తాయండీ. పని అయిన రోజు ఎవరైనా బాగుందనే అంటారు. జాయింటు కారడం, గోడ చెమ్మెక్కడం నెలలు గడిస్తేగానీ బయటపడవు. అందుకని రెఫరెన్సులు పనివాణ్ణి ఇమ్మనకండి. బిల్లు బుక్కు తీసుకుని, ఆరు నెలలు దాటిన పనుల్లోంచి నాలుగైదు మీరే ఏరుకోండి. ఫోన్ చేసి "బాగా చేశాడా" అంటే ఏమీ తెలియదు. ఎస్టిమేటు మీద బిల్లు పెరిగిందా, పెరిగితే ముందే చెప్పాడా, తర్వాత తేడా వస్తే పిలిచినప్పుడు వచ్చాడా, అసలు పని చేసింది అతనేనా అని అడగండి.

ఆ చివరిది వదలొద్దు. లైసెన్సు ఒకరి పేరున, పని హెల్పర్ చేతిలో: ఎక్కువ జాబితాలు దెబ్బతినేది ఇక్కడే. జిరాక్సు చూసి ఊరుకోకుండా, ఇచ్చిన ఆఫీసులో నంబరు సరిచూడండి. గడువుతోపాటు ఏయే పనులకిచ్చారో కూడా చూడాలి. బ్రిటన్‌లో గ్యాస్ పనివాళ్ల పాత రిజిస్టర్ కోర్గీ స్థానంలో 2009లో వచ్చిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్ కార్డు వెనకవైపు, ఆ మనిషి ఏ రకం గ్యాస్ పనులు చేయొచ్చో రాసి ఉంటుంది. మీ జాబితాలోనూ అలాంటి కాలమ్ పెట్టండి.

కరెంటు పని తెలియకపోయినా రీడింగులు కాగితం మీద అడగొచ్చు. మామూలు ఇంటి వైరింగుకు 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూస్తే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కనీసం 1 మెగాఓమ్ చూపాలి. కొత్త వైరింగైతే అంతకు చాలా ఎక్కువే వస్తుంది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చు) టెస్ట్ బటన్ నొక్కి "ఎర్తింగ్ బాగుంది" అనేవాణ్ణి నమ్మకండి. ఆ బటన్ లోపలి మెకానిజాన్నే పరీక్షిస్తుంది, ఎర్తింగ్‌ని కాదు. మెగ్గర్ లేనివాణ్ణి ఫ్యాన్లు, స్విచ్చుల వరకే రాసుకోండి.

పైపు రెంచి:
ప్లంబర్‌కి నేను పెట్టే పరీక్ష: గోడ పూడ్చకముందు ప్రెషర్ టెస్ట్ చేస్తాడా? పని ప్రెషర్‌కి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, గేజి కట్టి వదలాలి. లైన్లో గాలి మిగిలితే ముల్లు కదులుతుంది, అంతమాత్రాన లీకని కాదు. సీపీవీసీ (ప్లాస్టిక్ పైపు) జాయింట్లయితే అతికించిన సొల్యూషన్ ఆరేదాకా ఆగాలి. తొందరపెట్టి ఎక్కిస్తే బాగున్న జాయింటు కూడా ఊడొస్తుంది.

వాటర్‌ప్రూఫింగ్‌కి టైళ్లు వేయకముందే డ్రెయిన్ మూసి, నీళ్లు నిలబెట్టి, మట్టం దగ్గర గీత గీసి కనీసం 24 గంటలు ఉంచాలి. కింది ఇంటి సీలింగు కూడా చూడాలి. "అదెందుకండీ, మన పని గ్యారంటీ" అన్నవాణ్ణి పక్కన పెట్టేయండి.

పాత కార్యదర్శి:
చేర్చడం కంటే తీసేయడం కష్టం, ఆ రూలు ముందే రాసుకోండి. రాతపూర్వక ఫిర్యాదు రావాలి, అతనికి సరిదిద్దే గడువివ్వాలి, వినకపోతే పేరు కొట్టేయాలి. పనివాళ్ల దగ్గర కమిటీ కమీషన్ తీసుకుంటే ఇక ఎవరినీ తీసేయడం కుదరదు, అంతే. ఇన్సూరెన్స్ గడువు తేదీలు ఒక షీట్లో పెట్టి ఏటా మళ్లీ అడగండి. జాబితా పైన "హామీ" అన్న మాట వద్దు. "ఫలానా తేదీన ఇవి సరిచూశాం" అని రాయండి, చాలు.

కమిటీ సభ్యుడు:
థాంక్సండీ. గ్యాస్ గీజర్ సంగతి?

పైపు రెంచి:
లైసెన్సు చూశాక ఒక ప్రశ్న వేయండి: "పొగ గొట్టం లేని గీజర్ బాత్రూమ్ లోపల బిగిస్తావా?" మూసిన గదిలో అది కార్బన్ మోనాక్సైడ్ వదిలితే వాసన కూడా రాదు, మనిషి ప్రాణం పోతుంది. "కిటికీ కాస్త తెరిస్తే సరిపోతుంది" అన్నాడంటే మిగతావి చూడక్కర్లేదు, జాబితాలో రాయకండి.