కొత్త లారీ డ్రైవర్ పాత రికార్డు ఎక్కడ చూడాలి?

పన్నెండు టైర్ల బండి:
అన్నలూ ఒక డౌట్. విజయవాడ-చెన్నై లైన్లో బండి తిప్పుతున్నా, పాత డ్రైవర్ మానేశాడు, ఇప్పుడొకాయన చేరతానని వచ్చాడు, హెవీ లైసెన్స్ చూపించాడు, మాటా బానే ఉంది గానీ ఇంతకుముందు యాక్సిడెంట్లు, తాగి నడిపిన కేసులు ఏమన్నా ఉన్నాయేమో ఎలా తెలుస్తది?

మిర్చి లోడ్:
సారథి అని గవర్నమెంటు లైసెన్సుల సైట్ ఉంది, అందులో లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ కొట్టు బ్రో. ట్రాన్స్‌పోర్ట్ వ్యాలిడిటీ, అంటే లారీల్లాంటి బండ్లు నడపడానికి గడువు, విడిగా చూపిస్తది, అదే చూడు, పైన ఇంకో డేటు కనపడితే అది కారు, బైకులకి. ట్రాన్స్‌పోర్ట్‌ది 5 ఏళ్లకే అయిపోద్ది, చాలామంది రెన్యువల్ మర్చిపోతారు. ఈ-చలాన్ సైట్లో డీఎల్ (డ్రైవింగ్ లైసెన్స్) నంబరుతో కూడా చలాన్లు వెతకొచ్చు.

పాత ఓనర్:
డీఎల్ మీద ఏమీ లేదంటే మంచోడని కాదండోయ్. కెమెరా కొట్టే చలాన్లన్నీ బండి నంబరు మీదే పడతాయి, ఆ రోజు స్టీరింగ్ ఎవడు పట్టాడో దానికేం తెలుసు, అవన్నీ ఆ బండి ఓనర్ కట్టుకుంటాడు, ఈయన పేరు మాత్రం క్లీన్. ఈయన ఇంతకుముందు పనిచేసిన ఓనర్లకి ఫోన్ చెయ్యి, అంతకు మించింది లేదు.

డల్లాస్ డిస్పాచ్:
మా దగ్గర అమెరికాలో దీనికి పీఎస్పీ అని డ్రైవర్ పాత రికార్డు చూపించే రిపోర్ట్ ఉంటుంది, 10 డాలర్లు, డ్రైవర్ ఒప్పుకుంటేనే తీయాలి. 5 ఏళ్ల క్రాష్‌లు, 3 ఏళ్ల రోడ్‌సైడ్ ఇన్‌స్పెక్షన్లు వస్తాయి, ఏ కంపెనీలో చేసినా సరే. డ్రగ్ టెస్ట్ ఫెయిలైతే 2020 నుంచి క్లియరింగ్‌హౌస్ అనే గవర్నమెంటు లిస్టులో వేరేగా ఎక్కుద్ది. కానీ క్రాష్ ఎవరి తప్పో పీఎస్పీలో ఉండదు, వెనకనుంచి ఎవడో వచ్చి గుద్దినా లిస్టులో ఉంటది, పాపం.

స్టీరింగ్ మీదే బతుకు:
డ్రైవర్ రికార్డు అడుగుతున్నారు సరే, ఓనర్ రికార్డు మేమెక్కడ చూడాలి సార్? ఓవర్‌లోడ్‌కి ఫైన్ 20,000, పైన ఎక్కువున్న టన్నుకి 2,000, ఆ లోడు ఎక్కించమంది ఎవరు? పొద్దున్నే చెన్నైలో ఉండాలంటారు, నిద్రపోతే బత్తా కోస్తారు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపితే లైసెన్స్ సస్పెండయ్యేది మాకు.

పన్నెండు టైర్ల బండి:
అన్నా నేను బత్తా కొయ్యను, ఓవర్‌లోడూ ఎక్కించను 😅 ఫోన్లు చేస్తా.

పాత ఓనర్:
సారథిలో వచ్చిన పేజీ స్క్రీన్‌షాట్ డేటుతో దాచుకో, లైసెన్స్ జిరాక్స్ కూడా. యాక్సిడెంట్ అయ్యాక లైసెన్స్ దొంగదని తేలినా ఓనర్ తన జాగ్రత్త తను తీసుకున్నాడా లేదా అనేది చూడాలని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది, జాగ్రత్త తీసుకోలేదని తేలితే ఇన్సూరెన్సోళ్లు కట్టిన డబ్బు నీ దగ్గరే వసూలు చేస్తారు.