ఎన్‌డీఐఎస్‌లో ఏ కోఆర్డినేటర్ ఏం చేస్తారు? దేనికి ఎవర్ని అడగాలి?

టార్నీట్ అమ్మ

అందరికీ నమస్కారం. మేము మెల్‌బోర్న్‌లో టార్నీట్‌లో ఉంటాం. మా బాబుకి పదేళ్ళు, ఆటిజం. పోయిన నెల ఎన్‌డీఐఎస్ ప్లాన్ వచ్చింది, అంటే వైకల్యం ఉన్నవాళ్ళకి ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే సాయంలో బాబుకి దేనికి ఎంత డబ్బో రాసిన కాగితాలు. వచ్చిన రోజు ఎంత సంతోషపడ్డామో, ఇప్పుడు ఆ కాగితాలు చూస్తేనే టెన్షన్‌గా ఉంటోంది. ముగ్గురు ఫోన్ చేస్తున్నారు. ఒకావిడ ప్లాన్ మీటింగ్ చేసిన ఎల్ఏసీ. ఇంకొకరు ప్లాన్ మేనేజర్, ఇన్‌వాయిస్‌లు తనకి పంపమంటున్నారు. మూడో ఆయన సపోర్ట్ వర్కర్లని పంపే కంపెనీ నుంచి, "నేను మీ కోఆర్డినేటర్‌ని, అగ్రిమెంట్ పంపాను, సంతకం పెట్టండి" అని రెండు రోజులకోసారి చేస్తున్నారు. నాకు కావాల్సింది ఒక్కటే, బాబుకి స్పీచ్ థెరపీ, ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ) మొదలవ్వాలి. నాలుగు క్లినిక్‌లకి చేస్తే నాలుగింటిలోనూ వెయిటింగ్ లిస్టే. ఎల్ఏసీని బుక్ చేయమంటే "అది మీరే చూసుకోవాలి" అన్నారు. మావారి ఆఫీసులో ఒకతను సపోర్ట్ కోఆర్డినేటర్ లేకపోతే పని జరగదన్నాడట. వీళ్ళలో ఎవరి పని ఏంటో తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

క్రేగీబర్న్ నాన్న

అక్కా, మా పాపకి ప్లాన్ వచ్చి నాలుగేళ్ళయింది, మొదటి ఏడాది మేమూ ఇలాగే తిరిగాం. నేను నేర్చుకున్నది ఏంటంటే, ఫోన్ చేసిన ప్రతి మనిషినీ ముందు "మీకు డబ్బు ఎవరిస్తున్నారు, మా ప్లాన్ లోంచి పోతుందా?" అని అడగాలి. ఆ జవాబుతో సగం చిక్కు విడిపోతుంది.

ఎల్ఏసీ అంటే లోకల్ ఏరియా కోఆర్డినేటర్. వాళ్ళ సంస్థకి ఈ పథకం నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌డీఐఏ డబ్బు ఇస్తుంది, మీ ప్లాన్ లోంచి ఒక్క డాలర్ కూడా పోదు. వివరాలు తీసుకోవడం, ప్లాన్ వాడుకోవడం మొదలుపెట్టేటప్పుడు దారి చూపించడం వాళ్ళ పని. ప్లాన్‌ని మంజూరు చేసే అధికారం వాళ్ళకి లేదు, అది ఎన్‌డీఐఏ వాళ్ళ నిర్ణయం. (బాబు తొమ్మిదేళ్ళ లోపు ఉంటే ఎల్ఏసీ బదులు ఎర్లీ చైల్డ్‌హుడ్ పార్ట్‌నర్ ఉండేవారు.)

ప్లాన్ మేనేజర్ది లెక్కల పని. థెరపిస్టులు బిల్లు పంపితే ప్లాన్ లోంచి కడతారు, నెలనెలా ఎంత మిగిలిందో చెప్తారు. వాళ్ళ ఫీజుకి ప్లాన్‌లో విడిగా డబ్బు ఇస్తారు కాబట్టి థెరపీ డబ్బు తగ్గదు. థెరపిస్టుని వెతికిపెట్టమని మాత్రం వాళ్ళని అడగలేం.

మెల్‌బోర్న్ సపోర్ట్ కోఆర్డినేటర్

నేను ఇదే పని చేస్తున్నానండి, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. ముందు మీ ప్లాన్ తెరిచి కెపాసిటీ బిల్డింగ్ బడ్జెట్లో "సపోర్ట్ కోఆర్డినేషన్" అన్న లైన్ ఉందో లేదో చూడండి. ఉంటే మాలాంటి వాళ్ళని మీరే ఎంచుకుని పెట్టుకోవచ్చు. ప్రొవైడర్లని వెతకడం, మాట్లాడి కుదర్చడం, ఒకరు మానేస్తే ఇంకొకరిని చూడడం, ప్లాన్ మళ్ళీ చూసే సమయానికి రిపోర్ట్ రాయడం మా పని. గంటకి 100 డాలర్ల పైచిలుకు అవుతుంది. అంటే ఆ లైన్‌లో 2,000 డాలర్లుంటే ఏడాది మొత్తానికి 20 గంటల లోపే. మాతో అరగంట ఫోన్ మాట్లాడినా, మేము మీకోసం మెయిల్ రాసినా ఆ గంటల్లోంచే పోతుంది. అందుకే నేను మొదటి మీటింగ్‌లోనే ఏ పనికి ఎన్ని గంటలో కాగితం మీద రాసి ఇస్తాను, మీరు ఎవర్ని పెట్టుకున్నా అది అడిగి రాయించుకోండి.

ఆ లైన్ లేకపోతే కోఆర్డినేషన్ పేరుతో మీ ప్లాన్ లోంచి ఎవరూ డబ్బు తీసుకోకూడదు. ఆ కంపెనీ ఆయన బహుశా వాళ్ళ వర్కర్ల రోస్టర్ చూసే మనిషి అయి ఉంటారు. అది తప్పు ఉద్యోగం కాదు, కానీ ఆయన వాళ్ళ కంపెనీ మనిషి, మీ తరఫు మనిషి కాదు. అగ్రిమెంట్‌లో గంటల రేటు, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఈ రెండూ చదవకుండా సంతకం పెట్టకండి. ఇంకో మాట, సపోర్ట్ కోఆర్డినేటర్, వర్కర్లు ఒకే కంపెనీ వాళ్ళయితే జాగ్రత్త. బయటి వాళ్ళ పేర్లు కూడా చెప్పమని గట్టిగా అడగండి.

లైన్ లేకపోతే మళ్ళీ ఎల్ఏసీకే ఫోన్ చేసి "ప్లాన్ ఇంప్లిమెంటేషన్ మీటింగ్ కావాలి" అని ఆ మాటతోనే అడగండి. బుకింగ్ చేయరు కానీ మీ ఏరియాలో ఎవరున్నారో చెప్పాలి, పోర్టల్ చూపించాలి, అది వాళ్ళ పనే. నిజంగా కోఆర్డినేటర్ అవసరమని మీకనిపిస్తే, ప్లాన్ నిర్ణయం అందిన 3 నెలల లోపు ఇంటర్నల్ రివ్యూ, అంటే ఆ నిర్ణయాన్ని మళ్ళీ చూడమని అడగొచ్చు. మీకు ఇంకా టైముంది.

సిడ్నీ వెస్ట్

మా తమ్ముడికి మానసిక అనారోగ్యం, వాడి ప్లాన్‌లో రికవరీ కోచ్ ఉన్నారు, 2020లో తెచ్చిన పాత్ర అది. పొద్దున్నే లేవడం, ఇంట్లోంచి బయటికి రావడం దగ్గర్నుంచి వాడితో కూర్చుని చేయిస్తారు, వాడికి చాలా మేలు జరిగింది. అంతకుముందు హాస్పిటల్ నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు కొన్ని నెలలు స్పెషలిస్ట్ సపోర్ట్ కోఆర్డినేటర్‌ని ఇచ్చారు. గంట రేటు దాదాపు రెట్టింపు, బాగా చిక్కుపడ్డ కేసులకే ఇస్తారు. మీకు ఇప్పుడు ఆ రెండూ అక్కర్లేదనుకుంటాను.

ఒకటి మాత్రం చెప్పాలి. మన దగ్గర సదరం సర్టిఫికెట్‌లో ఎంత శాతం అన్నదే చూస్తారు కదా, ఆ అలవాటుతో మేము ఇక్కడ డాక్టర్ రాసిన జబ్బు పేరు చూపిస్తే చాలనుకున్నాం. వీళ్ళు అడిగేది రోజూ ఏం చేయగలడు, దేనికి పక్కన మనిషి కావాలి అని. పళ్ళు తోముకోవడానికి ఎన్నిసార్లు చెప్పాలి, రోడ్డు దాటేటప్పుడు చెయ్యి వదిలేస్తే ఏమవుతుంది, ఇలాంటివి నోట్‌బుక్‌లో రాసుకుని మీటింగ్‌కి వెళ్ళండి. ఇంగ్లీషులో చెప్పడం కష్టమైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి, ఉచితమే.

టార్నీట్ అమ్మ

అందరికీ చాలా చాలా థాంక్సండి. రాత్రి ప్లాన్ మొత్తం మళ్ళీ చదివాను, సపోర్ట్ కోఆర్డినేషన్ లైన్ లేదు. ఆ కంపెనీ అగ్రిమెంట్ మూడో పేజీలో మాత్రం "కోఆర్డినేషన్, నెలకి 2 గంటలు" అని ఉంది. సంతకం పెట్టలేదు, ఆ లైన్ తీసేసి పంపమని మెయిల్ పెట్టాను. ఎల్ఏసీకి ఫోన్ చేసి మీరు చెప్పిన మాటే అడిగితే వచ్చే మంగళవారం మీటింగ్ ఇచ్చారు. ఇంటర్‌ప్రెటర్‌ని కూడా అడిగాను, నాకోసం కాదు, మా అత్తగారి కోసం. నేను, మావారు ఆఫీసుకి వెళ్తే స్కూలు అయ్యాక బాబుతో ఉండేది ఆవిడే. నోట్‌బుక్ ఇస్తే నిన్న ఒక్క సాయంత్రమే రెండు పేజీలు రాశారు, చెప్పులు వేసుకోవడానికి పదకొండుసార్లు చెప్పాల్సి వచ్చిందట.