ఎంఆర్ఐ నార్మల్ అంటున్నారు, మరి ఆపరేషన్ ఎక్కడ చేస్తారు?

బెజవాడ బాబాయ్:
మా అన్నయ్య కొడుక్కి 19 ఏళ్లు, ఎనిమిదేళ్లుగా ఫిట్స్. కింద పడి కొట్టుకోవడం కాదు, ఉన్నట్టుండి చూపు నిలిచిపోతుంది, నోరు చప్పరిస్తూ ఎడమచేత్తో చొక్కా నలుపుతాడు, కుడిచెయ్యి కర్రలా బిగుసుకుంటుంది, తర్వాత అడిగితే ఏమీ గుర్తుండదు. మూడు మందులు మార్చినా ఆగలేదు. వీడియో ఈఈజీలో (ఫిట్ వచ్చేటప్పుడు వీడియోతో పాటు మెదడులోని కరెంటును రికార్డు చేసే పరీక్ష) ఎడమ కణత వైపు నుంచి వస్తున్నాయన్నారు, ఎంఆర్ఐ మాత్రం నార్మల్. ఇప్పుడు పెట్ స్కాన్ చేసి, అవసరమైతే మెదడులోకే తీగలు దించి చూస్తామంటున్నారు. వదినకు ఒకటే టెన్షన్. ఏమీ కనపడనప్పుడు ఎక్కడని కోస్తారండీ?

ఈఈజీ గది:
టెక్నీషియన్ని, డాక్టర్ని కాదు. రెండు రిపోర్టులూ నిజమే కావచ్చు బాబాయ్. తల పైనుంచి తీసే ఈఈజీ ఊరి బయట నిలబడి గుడి మైకు వినడం లాంటిది, ఏ వైపో తెలుస్తుంది గానీ ఏ వీధో తెలియదు, మధ్యలో పుర్రె అడ్డం కదా. ఎంఆర్ఐ వీధులన్నీ చూపిస్తుంది, మైకు ఎక్కడ మోగుతోందో చెప్పదు, పైగా చిన్న మచ్చలు తప్పిపోతాయి. అందుకే అన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తారు. ఫిట్ లేని సమయంలో ఆ చోటు గ్లూకోజ్ తక్కువ వాడుకుంటుంది, పెట్‌లో అది పట్టుబడొచ్చు, అక్కడే ఎంఆర్ఐ మళ్లీ చూస్తే ముందు దొరకని తేడా దొరికినవాళ్లూ ఉన్నారు.

తీగలంటే మెదడు లోపలి నుంచే తీసే ఈఈజీ. అవి మిల్లీమీటరు కంటే సన్నం, చిన్న రంధ్రాల్లోంచి దించుతారు, పుర్రె తెరవరు. తర్వాత సీటీ తీసి ఎంఆర్ఐతో కలిపితే ఏ తీగ కొన ఎక్కడుందో తెలుస్తుంది. పారిస్‌లో తలైరాక్, బాంకో అనే డాక్టర్లు 1950ల్లో మొదలుపెట్టిన పద్ధతి. అనుమానం ఉన్న చోట్లకే దించుతారు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్ ముప్పు తక్కువే గానీ ఉంది, అడగండి. ఆ కుడిచెయ్యి బిగుసుకోవడం కూడా ఎడమ మెదడుకే సాక్ష్యం, ఫోన్లో వీడియో ఉంటే చూపించండి.

పాప వాళ్లమ్మ:
మా పాపకు స్పెక్ట్ (ఫిట్ వచ్చినప్పుడు మెదడులో రక్తం ఎక్కడికి ఎక్కువ పారిందో చూపే స్కాన్) కూడా చేశారు. ఫిట్ మొదలైన క్షణాల్లోనే ఇంజెక్షన్ పడాలట. మందులు తగ్గించి, సిస్టర్ సిరంజి పట్టుకుని కూర్చుంటే రెండు రోజులు రానే లేదు. ఇన్నేళ్లూ రావద్దని మొక్కినదాన్ని, ఆ రోజు రావాలని మొక్కాను.

సందేహాల రావు:
ఇవన్నీ బిల్లు పెంచే పరీక్షలు. ఇంకో మందు వాడి చూడండి చాలు.

ఈఈజీ గది:
రావు గారూ, సరిగ్గా ఎంచిన రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఆగకపోతే మూడోదానితో ఆగడం చాలా తక్కువ. ఢిల్లీ ఎయిమ్స్‌లో మందులకు లొంగని 116 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. ఏడాదికి ఫిట్స్ లేనివాళ్లు ఆపరేషన్ వైపు 77 శాతం, మందుల వైపు 7. అయితే బాబాయ్, మచ్చ కనిపించినవాళ్లకున్నంత అవకాశం ఎంఆర్ఐ నార్మల్ ఉన్నవాళ్లకు ఉండదు, ఈ మాట ముందే వదినగారికి చెప్పండి. ఎడమవైపు కాబట్టి మాట, జ్ఞాపకశక్తి పరీక్షలు కూడా చేయించాలి.

బెజవాడ బాబాయ్:
థ్యాంక్సండి. మావాడి ఎంఆర్ఐ మీద 1.5 టెస్లా (మిషన్ అయస్కాంతం బలమట) అని ఉంది, పర్లేదా?

ఈఈజీ గది:
అయితే ముందు 3 టెస్లాలో, ఎపిలెప్సీ ప్రోటోకాల్ (ఫిట్స్ కోసం ప్రత్యేకంగా తీసే పద్ధతి) అని రాయించుకుని తీయించండి. ఫిల్ములతో సరిపెట్టుకోకుండా సీడీ అడగండి, కంప్యూటర్లో కలిపి చూసేది దాంట్లోదే.